మీ నియోజకవర్గం చరిత్ర తవ్వాలంటే పేరు వదిలేసి ఊరు పట్టుకోండి

గుత్తి నియోజకవర్గం చరిత్ర రాద్దామని కూర్చుంటే 2004 ఎన్నిక దగ్గర దారి మూసుకుపోతుంది. గుంతకల్లు చరిత్ర రాద్దామనుకుంటే 2004 ఫలితాల్లో ఆ పేరే కనపడదు. గుత్తి ఎక్కడికీ పోలేదు, కోట అక్కడే ఉంది, జనం ప్రతిసారీ ఓట్లు వేస్తూనే ఉన్నారు. 2008లో హద్దులు తిరగరాసినప్పుడు గుత్తి అనే సీటు తీసేసి, గుంతకల్లు, గుత్తి, పామిడి మండలాలు కలిపి దానికి గుంతకల్లు అని పేరు పెట్టారు, అంతే జరిగింది. ఈ సంగతి తెలియకుండా పేరు వెంట పడినవాళ్ళు సగం చరిత్ర రాసి మిగతా సగం దొరకలేదంటారు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఒకటే. సీటు పేరుతో మొదలుపెట్టొద్దు, మీ ఊరితో మొదలుపెట్టండి. ఆ ఊరు 1952 నుంచి ఇప్పటిదాకా ఏ ఎన్నికలో ఏ సీటుకు ఓటేసిందో వరుసగా రాయండి. ఒక ఊరిది అయ్యాక పక్క మండలంలో ఇంకో ఊరు, తర్వాత ఇంకొకటి. నాలుగైదు ఊళ్ళు పూర్తయ్యేసరికి నియోజకవర్గం హద్దు ఎప్పుడు ఎటు జరిగిందో దానంతట అదే బయటపడుతుంది.

ఇప్పటి హద్దుతో మొదలుపెట్టడం తేలిక. నియోజకవర్గాల హద్దులు తిరగరాసే పనిని డీలిమిటేషన్ అంటారు, ఆ పని చేసిన డీలిమిటేషన్ కమిషన్ 2008 ఉత్తర్వు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో రాష్ట్రానికి రెండు పట్టికలు: ఒకటి అసెంబ్లీ సీట్లది, ఇంకోటి లోక్‌సభ సీట్లది. అసెంబ్లీ పట్టికలో సీటు పేరు పక్కన ఏ మండలాలు వస్తాయో రాసుంటుంది. హిందూపురం చూస్తే హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు. మడకశిర చూస్తే మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ళ, అగళి. ఆదోనికి ఆదోని మండలం ఒక్కటే. ఇలాంటి చోట పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

చిక్కంతా మండలం పేరు పక్కన 'కొంత భాగం' అని రాసిన చోటే. అనంతపురం మండలం అలాంటిదే: టౌను, దానికి ఆనుకున్న కొన్ని ఊళ్ళు అనంతపురం అర్బన్‌లో ఉంటాయి, మిగతా ఊళ్ళు రాప్తాడులో ఉంటాయి. కర్నూలు ఇంకా తమాషా. నగరంలో కల్లూరు వైపు ఉన్నవాళ్ళు కర్నూలు కార్పొరేషన్‌కే ఇంటి పన్ను కడతారు, అసెంబ్లీకి మాత్రం పాణ్యం సీటులో ఓటేస్తారు, పాణ్యం నంద్యాల లోక్‌సభ కిందికి వస్తుంది కాబట్టి వాళ్ళ ఎంపీ నంద్యాల ఎంపీ. కర్నూలు మండలంలో పల్లెలేమో కోడుమూరు సీటులోకి వెళ్తాయి. అంటే కర్నూలు చుట్టుపక్కల ఒక్క బస్సు రూటులోనే మూడు నియోజకవర్గాలు తగులుతాయి. ఇలాంటి చోట మండలం పేరు చూసి నమ్మేయకండి. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి సైట్‌లో పోలింగ్ స్టేషన్ వారీగా తెలుగులో ఓటర్ల జాబితాలు పెడతారు. మొదటి పేజీలోనే ఆ స్టేషన్ ఏ అసెంబ్లీ, ఏ లోక్‌సభ కిందికి వస్తుందో, ఏయే ఊళ్ళు, వీధులు కలుస్తాయో ఉంటుంది. దాన్ని మించిన సాక్ష్యం ఇంకోటి లేదు.

సీటు నంబర్ల దగ్గర కూడా చాలామంది తికమక పడతారు. 2008 ఉత్తర్వు ఉమ్మడి రాష్ట్రానికి రాసింది, 294 సీట్లు, అందులో తెలంగాణవి ముందు 119. 2014లో రాష్ట్రం విడిపోయాక మనవి ఒకటి నుంచి మళ్ళీ లెక్కపెట్టారు. కాబట్టి 2009 కాగితాల్లో 276 అని కనపడే హిందూపురం ఇప్పుడు 157. పాత నంబరులోంచి 119 తీసేస్తే కొత్త నంబరు వచ్చేస్తుంది, 175 సీట్లకూ ఇదే లెక్క.

ఇంక 2008లో ఏం మారిందో చూడాలి, మన మూడు జిల్లాల చరిత్రలో అసలు సరుకు ఇక్కడే ఉంది. పాత ఉమ్మడి అనంతపురం జిల్లాలో గుత్తి, గోరంట్ల, నల్లమాడ సీట్లు పోయాయి, గుంతకల్లు, రాప్తాడు, పుట్టపర్తి వచ్చాయి, మొత్తం 14 అలాగే ఉంది. ఉమ్మడి కర్నూలులో ఆత్మకూరు, కోయిలకుంట్ల పోయాయి, శ్రీశైలం, బనగానపల్లె, మంత్రాలయం వచ్చాయి, 13 కాస్తా 14 అయింది. కడపలో లక్కిరెడ్డిపల్లె పోయింది, దాని బదులు ఏదీ రాలేదు, 11 కాస్తా 10 అయింది.

కడపకు ఎందుకు తగ్గింది, కర్నూలుకు ఎందుకు పెరిగింది అని అడిగితే రచ్చబండ మీద ఒక్కొక్కరు ఒక్కో రాజకీయ కథ చెప్తారు. కథలు వినండి, వినడానికి బాగుంటాయి, కానీ ముందు భాగహారం చేసుకోండి. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం జనాభా 7.62 కోట్లు. 294తో భాగిస్తే సీటుకు సుమారు 2.59 లక్షలు. కడప జిల్లా జనాభా 26 లక్షలు, భాగిస్తే పది పైన ఇసుమంత. కర్నూలు 35.29 లక్షలు, భాగిస్తే పదమూడున్నర దాటింది. అనంతపురం 36.4 లక్షలు, అది సరిగ్గా పద్నాలుగు దగ్గర ఆగింది. పది, పద్నాలుగు, పద్నాలుగు. జిల్లాకు ఎన్ని సీట్లన్నది ఈ లెక్కతోనే తేలిపోతుంది. రాజకీయం ఉంటే గింటే జిల్లా లోపల ఏ మండలాన్ని ఏ సీటుకు కలిపారన్న దగ్గర ఉంటుంది, మీరు తవ్వాల్సింది అక్కడ. అప్పటి కమిషన్‌కు జస్టిస్ కుల్‌దీప్ సింగ్ చైర్మన్. రాష్ట్రం నుంచి ఎంపీలు, ఎమ్మెల్యేలు అసోసియేట్ సభ్యులుగా కూర్చుంటారు, అభిప్రాయం చెప్తారు, ఓటు మాత్రం ఉండదు. ముసాయిదా ప్రకటించి, జనం దగ్గర అభ్యంతరాలు తీసుకుని, బహిరంగ విచారణలు పెట్టాకే చివరి ఉత్తర్వు ఇచ్చారు. కాబట్టి ఆ రోజుల దినపత్రికల జిల్లా ఎడిషన్లు దొరికితే వదలకండి, ఏ మండలం వాళ్ళు ఎందుకు గొడవపడ్డారో అందులో దొరుకుతుంది.

పోయిన సీటు ముక్కలు ఎటు పోయాయో ఊరి వారీగా రాసుకోవాలి. గోరంట్ల మండలం ఇప్పుడు పెనుకొండలో ఉంది, పరిగి, రొద్దం, సోమందేపల్లెతో పాటు. నల్లమాడ మండలం పుట్టపర్తిలో ఉంది. లక్కిరెడ్డిపల్లె రాయచోటిలో, కోయిలకుంట్ల బనగానపల్లెలో, ఆత్మకూరు శ్రీశైలంలో కలిశాయి. ఆత్మకూరు దగ్గర మాత్రం జాగ్రత్త. నల్లమల అంచున ఉన్న మన ఆత్మకూరు సీటు 2008లో పోయింది, నెల్లూరు వైపు ఆత్మకూరు సీటు ఇప్పటికీ ఉంది, ఇవి చాలవన్నట్టు అనంతపురం పక్కన ఇంకో ఆత్మకూరు మండలం ఉంది, అది రాప్తాడు సీటులో ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే మూడూ కలిసిపోయి వస్తాయి. నెల్లూరు ఎమ్మెల్యేను తెచ్చి కర్నూలు జిల్లా చరిత్రలో కూర్చోబెట్టిన పోస్టులు చాలా కనిపిస్తాయి. ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా పాతవీ కొత్తవీ రెండూ వేసి వెతకండి, 2005కు ముందు కాగితాల్లో కడప స్పెల్లింగే వేరు.

నాయకుల కథ రాసేటప్పుడు ఈ ఊరి పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది. పరిటాల రవీంద్ర 1994, 1999, 2004లో పెనుకొండ నుంచి గెలిచారు. ఆయన మరణం తర్వాత 2005 ఉప ఎన్నికలో పరిటాల సునీత అదే పెనుకొండ నుంచి గెలిచారు, 2009లో రాప్తాడు నుంచి గెలిచారు. 'నియోజకవర్గం మారారు' అని ఒక ముక్కలో రాసేస్తారు చాలామంది. వాళ్ళ ఊరు వెంకటాపురం ఉన్న రామగిరి మండలాన్నే 2008లో పెనుకొండలోంచి తీసి రాప్తాడులో పెట్టారు కదా, ఇక్కడ మారింది మనిషి కంటే ముందు హద్దు. అదే సమయంలో రఘువీరారెడ్డి 2004లో మడకశిర నుంచి గెలిచి 2009లో కళ్యాణదుర్గం వెళ్ళి గెలిచారు. అక్కడ కారణం వేరు, మడకశిర ఎస్సీ రిజర్వుడు అయింది. నందికొట్కూరు కూడా అంతే, 2004లో గౌరు చరితారెడ్డి గెలిచిన సీటు 2009 నాటికి రిజర్వుడు అయింది, ఆమె 2014లో పాణ్యం నుంచి గెలిచారు. ఆలూరుకు దీనికి తిరగబడి జరిగింది, అంతకుముందు రిజర్వుడుగా ఉన్నది జనరల్ అయింది. కడప జిల్లాలో బద్వేలు రిజర్వుడు అయింది. కాబట్టి మీ పట్టికలో హద్దుకు ఒక గడి, రిజర్వేషన్‌కు ఒక గడి వేరువేరుగా పెట్టుకోండి. ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న చోట, అదీ రాష్ట్రంలో ఒకే మూలన పోగుపడకుండా వేరువేరు ప్రాంతాల్లో ఉండేలా ఆ సీట్లు ఎంచాలని డీలిమిటేషన్ చట్టంలోనే ఉంది.

2008 వెనక్కి వెళ్ళామంటే భాష మారిపోతుంది. దానికి ముందున్నది 1976 ఉత్తర్వు, 1971 జనాభా లెక్కల మీద రాసింది. 1978 నుంచి 2004 దాకా అసెంబ్లీ ఎన్నికలన్నీ ఆ హద్దుల్లోనే జరిగాయి. అందులో మండలం అనే మాటే ఉండదు, ఎందుకంటే మండలాలు వచ్చిందే 1985లో, ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేశాక. అందులో అంతా తాలూకా, ఫిర్కా. 'ఫలానా తాలూకా మొత్తం, పక్క తాలూకాలో ఫలానా ఫిర్కా' అని ఉంటుంది. ఫిర్కా అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చూసుకునే కొన్ని ఊళ్ళ గుంపు. ఈ ఫిర్కాల్లో ఏ ఊళ్ళున్నాయో తెలిస్తేనే హద్దు తెలుస్తుంది. ఈ పనిలో ఎక్కువ టైం తినేది ఇదే, అందుకని ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను.

1971, 1981 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు సెన్సస్ శాఖ స్కాన్ చేసి పెట్టింది. అందులో తాలూకా వారీగా ప్రతి రెవెన్యూ గ్రామం పేరు, జనాభా ఉంటాయి, తాలూకా మ్యాపు కూడా ఉంటుంది. 1991 హ్యాండ్‌బుక్కులో అవే ఊళ్ళు మండలాల వారీగా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఊరికీ ఎదురుగా పాత తాలూకా, కొత్త మండలం రాసుకుంటూ పోండి. కంప్యూటర్ షీటులో చేసుకుంటే తర్వాత ఎలా కావాలంటే అలా వరుస మార్చుకోవచ్చు. ఒక తాలూకా మూడు నాలుగు మండలాలు అయ్యుంటుంది, కొన్నిచోట్ల ఒక మండలంలోనే రెండు పాత తాలూకాల ఊళ్ళు ఉంటాయి, అవే మీకు తలనొప్పి. ఫిర్కా ఊళ్ళ జాబితా కోసం తహసీల్దారు ఆఫీసులో పాత రికార్డులు అడగొచ్చు, ఇస్తారా లేదా అన్నది ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళ మూడ్‌ని బట్టి ఉంటుంది. ఒక దరఖాస్తు రాసి తీసుకెళ్తే మాట వింటారు, ఊరికే వెళ్ళి అడిగితే రేపు రమ్మంటారు.

కాగితం దొరక్కపోతే మనిషిని పట్టుకోవాలి. కరణాలు, మునసబుల వ్యవస్థను 1984లో తీసేశారు, ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఫిర్కాలు నోటికొచ్చు. రిటైరైన టీచర్లు ఇంకా మేలు, ఎలక్షన్ డ్యూటీలు చేసినవాళ్ళు కదా. అడిగే పద్ధతి ఒకటుంది. 'పెద్దాయనా, 1983లో మీ నియోజకవర్గం ఏది?' అంటే ఇప్పటి పేరే చెప్తారు. అలా కాకుండా, 'ఎన్టీరామారావు పార్టీ పెట్టినాక వచ్చిన మొదటి ఎలక్షన్‌లో మీ ఊర్లో ఎవరెవరు నిలబడినారు, ఎవరికేసినారు?' అని అడగండి. అభ్యర్థుల పేర్లు టకటకా వచ్చేస్తాయి. ఆ పేర్లను ఎన్నికల సంఘం రిపోర్టులో చూస్తే సీటు ఏదో మీకే తెలుస్తుంది. మనిషికి సీటు పేరు కంటే కొట్లాట బాగా గుర్తుంటుంది, ముఖ్యంగా మన వైపు.

ఎన్నికల సంఘం స్టాటిస్టికల్ రిపోర్టులు 1951-52 నుంచి ప్రతి ఎన్నికకూ పీడీఎఫ్‌లుగా ఉన్నాయి, అభ్యర్థులు, పార్టీలు, ఓట్లు అన్నీ ఉంటాయి. పాతకాలానికి వెళ్ళేకొద్దీ మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, 1957 అసెంబ్లీ ఫలితాలు. రాయలసీమ సీట్లకు అవి లేవు, వెతికి టెన్షన్ పడకండి. 1952లో మన వాళ్ళు ఓటేసింది మద్రాసు అసెంబ్లీకి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1955లో దానికి ఎన్నికలు జరిగాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో అసెంబ్లీ ఎన్నిక తెలంగాణకే పెట్టారు, 1955లో గెలిచిన మన సభ్యులు 1962 దాకా కొనసాగారు. అదే 1957లో లోక్‌సభకు మాత్రం మనమూ ఓటేశాం. కాబట్టి మీ పట్టికలో అసెంబ్లీ వరుస 1952, 1955, 1962, 1967, 1972, 1978 అని పోవాలి.

రెండోది, ద్విసభ్య నియోజకవర్గాలు. ఒకే సీటు నుంచి ఇద్దరు గెలిచినట్టు కనపడితే అచ్చు తప్పనుకోకండి, అప్పట్లో ఒక జనరల్, ఒక రిజర్వుడు స్థానం కలిపి ఒకే నియోజకవర్గంగా ఉండేవి, ఓటరుకు రెండు ఓట్లు. 1961 చట్టంతో వాటిని రద్దు చేశారు. ఆ సీట్లలో ఓట్ల శాతం లెక్కగడితే వంద దాటిపోయి నవ్వులపాలవుతారు.

మూడోది బళ్ళారి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం అనంతపురంలోకి వచ్చాయి. కాబట్టి ఆ ఊళ్ళ 1952 ఎన్నిక కావాలంటే మద్రాసు రాష్ట్రం రిపోర్టులో బళ్ళారి కింద చూడాలి. బనగానపల్లె అయితే 1948 దాకా సంస్థానం, నవాబు పాలన, ఆ తర్వాతే కర్నూలు జిల్లాలో కలిసింది. ఇంకోవైపు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా కర్నూలు జిల్లావే, పాత కర్నూలు లెక్కల్లో అవి కనపడితే కంగారు పడొద్దు.

లోక్‌సభ సీట్ల చరిత్రలో పేర్లు ఇంకా దోబూచులాడతాయి. నంద్యాల 1952లో ఉంది, 1957, 1962ల్లో లేదు, 1967లో మళ్ళీ వచ్చింది. ఆ మధ్యలో ఆదోని అని ఒక లోక్‌సభ సీటు ఉండేది, పెండేకంటి వెంకటసుబ్బయ్య అక్కడి నుంచి రెండుసార్లు గెలిచి, 1967లో నంద్యాల నుంచి గెలిచారు. 1952లో పెనుకొండ పేరుతో లోక్‌సభ సీటు ఉంది, 1957 నుంచి హిందూపురం కనపడుతుంది. నీలం సంజీవరెడ్డి 1967లో హిందూపురం నుంచి, 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ 1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో జనతా పార్టీ గెలిచింది అదొక్కటే. 1991లో ప్రధాని అయ్యాక పి.వి. నరసింహారావు ఉప ఎన్నికలో నిలబడి అయిదు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచిందీ నంద్యాలే. ఈ ముగ్గురి నంద్యాలలూ, ఇప్పుడు ఆళ్ళగడ్డ, శ్రీశైలం, నందికొట్కూరు, పాణ్యం, నంద్యాల, బనగానపల్లె, డోన్ కలిసిన నంద్యాలా ఒకే నేల అనుకుని మెజారిటీలు పోల్చకండి, ముందు హద్దులు చూడండి.

పోల్చడానికి ఒక పద్ధతి ఉంది, ఇది నాకు బాగా ఇష్టమైన పని. ఫారం 20 అని ఒకటుంటుంది, ప్రతి పోలింగ్ స్టేషన్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే చివరి లెక్క. 2004లో మన రాష్ట్రమంతా ఈవీఎంలతోనే ఓటేసింది కాబట్టి బూత్ వారీ లెక్క శుభ్రంగా ఉంటుంది. 2004 ఫారం 20 సంపాదించి, ఇప్పటి రాప్తాడు కిందికి వచ్చే ఊళ్ళ బూత్‌లు ఏరి కూడితే, రాప్తాడు అనే సీటు 2004లోనే ఉండుంటే ఏ పార్టీ ముందుండేదో తేలుతుంది. అభ్యర్థులు వేరువేరు సీట్లవాళ్ళు కాబట్టి పార్టీ ఓట్లే కూడాలి, పోస్టల్ ఓట్లు ఏ ఊరివో చెప్పలేం కాబట్టి పక్కన పెట్టాలి.

బ్రిటన్‌లో దీన్ని నోషనల్ రిజల్ట్ అంటారు. అక్కడ వేల్స్‌లో 2024 ఎన్నికకు పార్లమెంటు సీట్లు 40 నుంచి 32కి తగ్గించారు, దాంతో ఇంచుమించు ప్రతి సీటు హద్దూ కదిలింది, పాత ఎన్నికలో ఆ కొత్త సీట్లలో ఎవరు గెలిచుండేవారో నిపుణులు అంచనా కట్టి ఇచ్చారు. అంచనా అనే అనాలి, ఎందుకంటే పార్లమెంటు ఎన్నికల్లో బూత్ వారీ ఓట్లు వాళ్ళు ప్రకటించరు. మనకు ఆ లెక్క చేతిలో ఉండి కూడా వాడుకోం. ఇంకో సంగతి, అక్కడ బ్రెకన్ అండ్ రాడ్నర్‌షైర్ సీటుకు తావె లోయ కలిపినప్పుడు పేరును బ్రెకన్, రాడ్నర్ అండ్ కుమ్ తావె అని మార్చారు, కలిసిన నేల పేరులోనే కనపడుతుంది. ప్రతి సీటులో ఓటర్లు సగటుకు అయిదు శాతం అటూఇటూ లోపలే ఉండాలి, ఈ నియమం నుంచి వేల్స్‌లో మినహాయింపు ఉన్నది అనిస్ మోన్ అనే దీవి సీటు ఒక్కదానికే. ఆ దీవికి 16వ శతాబ్దం నుంచి పార్లమెంటులో సభ్యుడున్నాడు, చుట్టూ సముద్రం కాబట్టి హద్దు గొడవ లేదు. ఆ చరిత్ర రాయడం మన పాణ్యం చరిత్ర రాయడమంత కష్టం కాదు.

జిల్లాలను, నియోజకవర్గాలను కలిపి చూసే అలవాటు 2022 నుంచి ఎక్కువైంది. ఆ ఏడాది ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేశారు, లోక్‌సభ సీటును లెక్కలోకి తీసుకుని. హిందూపురం లోక్‌సభ అంటే శ్రీ సత్యసాయి జిల్లా, నంద్యాల లోక్‌సభ అంటే నంద్యాల జిల్లా అని చాలామంది అనుకుంటారు. అచ్చంగా అలా లేదు. పాణ్యం సీటులో కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలోకి వెళ్ళాయి. రాప్తాడు సీటులో రాప్తాడు, ఆత్మకూరు అనంతపురం జిల్లాలో, రామగిరి, కనగానపల్లె, చెన్నేకొత్తపల్లె సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. రాజంపేట లోక్‌సభ అయితే 2008 హద్దుల ప్రకారమే పాత కడప జిల్లావి మూడు సీట్లు, పాత చిత్తూరువి నాలుగు కలిపిందే. జిల్లా గెజిట్ మారితే నియోజకవర్గం మారదు, దానికి డీలిమిటేషన్ ఉత్తర్వు ఒక్కటే ఆధారం.

మ్యాపు గీయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. మండలాల హద్దులున్న పాత జిల్లా మ్యాపు ఒకటి పెద్ద సైజులో నాలుగైదు జిరాక్స్‌లు తీసుకోండి. ఒక దాని మీద 2009 నుంచి ఉన్న సీట్లు, ఇంకో దాని మీద 1978 నుంచి 2004 దాకా ఉన్నవి, మరో దాని మీద 1967, 1972వి, అలా వెనక్కి ఒక్కో కాలానికి ఒక్కో కాగితం, ఒక్కో సీటుకు ఒక్కో రంగు. మండలం మధ్యలోంచి గీత పోయిన చోట ఊరి పేర్లు రాయండి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్ళు అదే కంప్యూటర్‌లో చేసుకోవచ్చు, ఉచితమే.

ఇదంతా ఇప్పుడు చేయడానికి ఒక కారణం ఉంది. రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్క దగ్గర ఆపేశారు, 1976లో 42వ సవరణతో, 2001లో 84వ సవరణతో. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా అది కదలకూడదన్నది ఆ సవరణ మాట. మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 2023 నాటి 106వ సవరణను కూడా డీలిమిటేషన్‌కే ముడిపెట్టారు. రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో మన అసెంబ్లీని 175 నుంచి 225 చేయాలని ఉంది, అదీ రాజ్యాంగం 170వ అధికరణకు లోబడి అని రాశారు, అసెంబ్లీ సీట్ల సంఖ్య కదలకుండా ఆపింది ఆ అధికరణే కాబట్టి ముందుకు పడలేదు. హద్దులు మళ్ళీ గీసే రోజు వస్తుంది, ఆ రోజు ముసాయిదా మీద అభ్యంతరాలకు గడువు ఎక్కువ ఇవ్వరు, చివరి ఉత్తర్వు వచ్చాక 329వ అధికరణ ప్రకారం కోర్టులో సవాలు చేయడం దాదాపు కుదరదు.

అభ్యంతరం రాసేవాళ్ళు మామూలుగా 'మా మండలానికి అన్యాయం జరిగింది' అని రెండు పేజీలు రాస్తారు. చట్టం చూడమన్నది వేరే: భూభాగం ఒకదానికొకటి ఆనుకుని ఉందా, వాగులు కొండలు అడ్డున్నాయా, పరిపాలన హద్దులు ఎలా ఉన్నాయి, రాకపోకలకు దారేది, జనానికి ఏది సౌకర్యం. కాబట్టి ఊరి పేరు, జనాభా, ఏ మండలం, ఏ టౌనుకు ఎన్ని కిలోమీటర్లు, నేరుగా బస్సుందా లేదా, 1978 నుంచి ఏ సీటులో ఉంది, ఇవన్నీ ఒక్క షీటులో పెట్టి, పైన అర పేజీ ఉత్తరం జతచేయండి. ఊళ్ళ పట్టిక ఇప్పుడే తయారుగా ఉంటే ముసాయిదా వచ్చిన వారంలో పంపేయొచ్చు, లేకపోతే గడువంతా ఫిర్కా జాబితా కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికే సరిపోతుంది.